నార్ఫోక్ టాటూకి బస్సు కట్టించుకుని వెళ్తున్నారా? మకాం ఎక్కడ పెట్టాలో ముందు తేల్చుకోండి

టాటూ చూడ్డానికి వెళ్దామనగానే మా మావయ్యగారు "పచ్చబొట్టు పొడిపించుకోడానికి నాలుగు గంటలు బస్సులో పోవాలా?" అన్నారు. ఆయన తప్పేం లేదు, పేరే అలాంటిది. పదిహేడో శతాబ్దంలో డచ్చి దేశంలో పొద్దుపోయాక సైన్యం డప్పులవాళ్లు వీధులెంట వాయించుకుంటూ పోయేవారట. సారాకొట్లవాళ్లు పీపాల కుళాయిలు కట్టేయాలి, సిపాయిలు బసకి చేరాలి. "కుళాయి కట్టెయ్" అనే ఆ డచ్చి మాటే ఇంగ్లీషువాళ్ల నోట్లో నలిగి టాటూ అయింది. ఇప్పుడు టాటూ అంటే రకరకాల దేశాల మిలటరీ బ్యాండ్లు, బ్యాగ్‌పైపులు, డ్రిల్ బృందాలు కలిసి ఇచ్చే పెద్ద ప్రదర్శన. ఢిల్లీలో జనవరి 29న జరిగే బీటింగ్ రిట్రీట్ టీవీలో చూసినవాళ్లకి ఓ అందాజా ఉంటుంది. దానికి ఒక పైకప్పు, రంగుల లైట్లు, నాట్యాలు, కాస్త హాస్యం కలిపితే వర్జీనియా ఇంటర్నేషనల్ టాటూ.

ఇది 1997 నుంచి అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు నార్ఫోక్ నగరంలో, ఏప్రిల్ చివర్లో జరుగుతోంది. సరిగ్గా మన అమ్మానాన్నలు ఇండియా నుంచి దిగే రోజులు. అటు చుట్టూ గంట ప్రయాణంలో జేమ్స్‌టౌన్, విలియమ్స్‌బర్గ్, యార్క్‌టౌన్, ఫోర్ట్ మన్రో, అన్నీ చరిత్రకెక్కిన చోట్లే. అందుకే వర్జీనియాలోనే యాష్‌బర్న్, హెర్న్‌డన్, న్యూజెర్సీలో ఎడిసన్, నార్త్ కరొలైనాలో క్యారీ లాంటి చోట్ల మనవాళ్లు "ఓ బస్సు కట్టించుకుందాం" అనుకోవడం సహజమే. చిక్కల్లా ఆ తర్వాత వస్తుంది. ఒకరు బీచ్ అంటారు, ఒకరు చరిత్ర అంటారు, ఒకరు రెండూ ఒక్కరోజులో కానిచ్చేద్దాం అంటారు.

నేను ఈ బస్సు రెండుసార్లు కట్టించాను. మొదటిసారి తప్పుగా, రెండోసారి కాస్త తెలివిగా. ఆ అనుభవంతో చెప్తున్నాను.

ముందు చూసుకోవాల్సినవి

చాలామంది "ఎన్ని చోట్లు కవర్ అవుతాయి" అని లెక్కేస్తారు. ఆ లెక్క పక్కన పెట్టండి. ఈ యాత్ర బాగుపడేదీ చెడేదీ కింది సంగతుల వల్లే.

*షో అయ్యాక పడక ఎంత దూరం.* అన్నిటికన్నా ముఖ్యం ఇదే. సాయంత్రం షో ఏడున్నర ప్రాంతంలో మొదలైతే, మధ్యలో విరామంతో కలిపి, జనం బయటికొచ్చి బస్సెక్కేసరికి పది దాటుతుంది. నార్ఫోక్ నుంచి విలియమ్స్‌బర్గ్‌కి సుమారు 45 మైళ్లు. మ్యాపులో అది గంటలోపే. కానీ మధ్యలో హాంప్టన్ రోడ్స్ వంతెన-సొరంగం ఉంది. కొంతదూరం నీటిమీద వంతెన, కొంతదూరం నీటికింద సొరంగం. అక్కడ వాహనాలు బారులు తీరితే గంట రెండు గంటలవుతుంది. ఇంకో సొరంగ మార్గం, మానిటర్-మెర్రిమాక్ అనేది, న్యూపోర్ట్ న్యూస్ వైపు ఉంది. ఆ దారి కూడా తెలిసిన డ్రైవరో కాదో ముందే కనుక్కోండి.

*మోకాళ్లు.* ఇక్కడి చోట్లలో కొన్ని చదునైన నేల, కొన్ని గడ్డి గట్లు, కొన్ని ఓడ నిచ్చెనలు. గుంపులో అరవై ఐదు దాటినవాళ్లు సగం ఉంటే ప్లాన్ వాళ్లని బట్టే ఉండాలి.

*గుర్తింపు కార్డులు.* ఈ ప్రాంతమంతా సైనిక స్థావరాల మయం. నార్ఫోక్ నౌకాస్థావరం ప్రపంచంలోకెల్లా పెద్దది. కేప్ హెన్రీ లైట్‌హౌస్ లాంటి చోట్లు కూడా సైనిక గేటు లోపలే ఉన్నాయి. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లున్న గుంపుని గేటు దగ్గర నిలబెట్టే ప్లాన్ వేయకండి.

*తిండి.* దీని గురించి వేరే చెప్పాలి, కింద చెప్తాను.

*చరిత్ర మీద ఆకలి.* గుంపులో చరిత్ర ఇష్టపడేవాళ్లు నలుగురే అయితే, నలభై మందిని ఎండలో కోటగోడల చుట్టూ తిప్పడం పాపం.

ఒక్క చూపులో

| | నార్ఫోక్‌లో మకాం | విలియమ్స్‌బర్గ్‌లో మకాం | వర్జీనియా బీచ్‌లో మకాం |
|---|---|---|---|
| కనీసం ఎన్ని రోజులు | 2 పగళ్లు, 1 రాత్రి | 3 పగళ్లు, 2 రాత్రులు | 2 లేదా 3 పగళ్లు |
| సాయంత్రం షో అయ్యాక | పడక పక్కనే | సొరంగం దాటి 45 మైళ్లు | సొరంగం లేదు, సుమారు 20 మైళ్లు |
| చూసేవి | యుద్ధనౌక, ఓడరేవు, ఫోర్ట్ మన్రో | జేమ్స్‌టౌన్, విలియమ్స్‌బర్గ్, యార్క్‌టౌన్ | సముద్రం, ఇసుక |
| నడక | తక్కువ, కానీ ఓడలో నిచ్చెనలు | బాగా ఎక్కువ | మన ఇష్టం |
| ఎవరికి | సంగీతం కోసం వచ్చేవాళ్లకి | చరిత్ర కోసం వచ్చేవాళ్లకి | పసిపిల్లలున్నవాళ్లకి |
| ఏ షో | శుక్ర, శని సాయంత్రం | ఆదివారం మధ్యాహ్నం | ఏదైనా |

షోలు సాధారణంగా శుక్ర, శనివారాల సాయంత్రాలు, ఆదివారం మధ్యాహ్నం ఉంటాయి. ఆ ఏడాది తేదీలు, వేదిక చూసుకున్నాకే హోటలు బుక్ చేయండి. ఈ క్రమం తప్పినవాళ్లని చూశాను.

నార్ఫోక్‌లోనే దిగితే

టాటూ జరిగే చోటు స్కోప్ అరీనా. 1971లో తెరిచిన ఈ కాంక్రీటు గుమ్మటాన్ని రూపొందించింది ఇటలీ ఇంజనీరు పియెర్ లూయీజీ నెర్వీ. బయటినుంచి చూస్తే బోర్లించిన పళ్లానికి చుట్టూ ఊతకర్రలు పెట్టినట్టుంటుంది. డౌన్‌టౌన్ హోటళ్లలో దిగితే కాళ్లు బాగున్నవాళ్లు నడిచే వచ్చేయొచ్చు. మిగతావాళ్లకి బస్సు ఒక్క పది నిమిషాల పని.

షో గురించి ఒక ముక్క. మొదటి పది నిమిషాలు పెద్దవాళ్లు చెవులు మూసుకుంటారు. డప్పుల దెబ్బ గుమ్మటం కింద గుండెల్లో మోగుతుంది. వినికిడి మెషీన్ పెట్టుకున్నవాళ్లు సౌండు తగ్గించుకోవాలి. పసిపిల్లలకి చెవులు కప్పే హెడ్‌సెట్లు తీసుకెళ్లండి. ఆ తర్వాత అలవాటవుతుంది. బ్యాగ్‌పైపులు మొదలైనప్పుడు మా గుంపులో శ్రీకాకుళం పెద్దావిడ ఒకరు "ఇది మన తిత్తి కదూ?" అన్నారు. నిజమే, మన పల్లె ఆటల్లో శ్రుతి కోసం ఊదే మేకతోలు తిత్తికీ దీనికీ చుట్టరికం ఉంది. దీనికి రాగం పలికే గొట్టం కూడా ఉంది, అంతే తేడా. ఇంకోటి, ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, మెరీన్స్, కోస్ట్‌గార్డ్ పాటలు వరసగా వాయిస్తారు. ఏ దళం పాట వస్తే ఆ దళంలో పనిచేసినవాళ్లు ప్రేక్షకుల్లోంచి లేచి నిలబడతారు. చేతికర్ర పట్టుకున్న ముసలాయన మనవడి భుజం ఊతంగా లేవడం పక్క వరసలో చూస్తే, ఇది వాళ్ల ఊళ్లో వట్టి వినోదం కాదని అర్థమవుతుంది.

సీట్ల మాట: ముందు వరస గొప్పదనుకోకండి. కవాతు గీసే ముగ్గు పైనుంచి చూస్తేనే కనిపిస్తుంది. అరీనా రెండు కొసల్లో కాకుండా పొడుగు వైపు మధ్యలో, కాస్త ఎత్తులో తీసుకోండి. మెట్లు ఎక్కలేని వాళ్లకి విడిగా అడిగి తీసుకోవాలి, అదీ గ్రూపు టికెట్లు కొనేటప్పుడే.

పగలు చూసేవాటిలో యూఎస్ఎస్ విస్కాన్సిన్ మొదటిది. 1944లో నౌకాదళంలో చేరి రెండో ప్రపంచయుద్ధం, కొరియా, 1991 గల్ఫ్ యుద్ధం మూడూ చూసిన యుద్ధనౌక. 887 అడుగుల పొడుగు. దీని పెద్ద ఫిరంగుల గొట్టం వెడల్పు 16 అంగుళాలు, అలాంటివి తొమ్మిది. కవచాన్ని ఛేదించే ఒక్కో గుండు బరువు 2,700 పౌండ్లు, అంటే 1,200 కిలోల పైమాటే. నౌటికస్ మ్యూజియంలోంచి నౌక పైడెక్కు మీదికి వెళ్లొచ్చు. అక్కడిదాకా ఫర్వాలేదు. కింది డెక్కులకి దిగేవి మాత్రం మెట్లు కావు, నిచ్చెనలే. విశాఖ బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి చూసినప్పుడు వంగి వంగి నడిచిన అవస్థ గుర్తుంటే చాలు, మీ అమ్మగారిని పంపాలా వద్దా మీకే తెలుస్తుంది.

నౌకాస్థావరం చూడాలంటే గేటు జోలికి పోకుండా, ఓడరేవులో తిప్పే పడవ ఎక్కండి. విమానవాహక నౌకలు, డెస్ట్రాయర్లు వరసగా కట్టేసి ఉంటాయి, పడవలోంచే కనిపిస్తాయి. కూర్చునే చూడొచ్చు, ఇంతకన్నా పెద్దవాళ్లకి కావాల్సిందేముంది. ఊళ్లోనే రెండో ప్రపంచయుద్ధపు అమెరికన్ సేనాని జనరల్ మెక్‌ఆర్థర్ స్మారకం ఉంది, ప్రవేశం ఉచితం. యుద్ధచరిత్ర ఇష్టం లేకపోతే వదిలేయండి.

ఫోర్ట్ మన్రో మాత్రం వదలొద్దు. సొరంగం దాటగానే హాంప్టన్‌లో ఉంటుంది, చుట్టూ నీళ్ల కందకంతో. అమెరికాలో కట్టిన రాతికోటల్లో ఇదే పెద్దది, 1819లో మొదలుపెట్టి 1834కి ముగించారు. ఈ కోట నిలబడ్డ పాయింట్ కంఫర్ట్ దగ్గరే 1619లో ఆఫ్రికన్లని తొలిసారి ఈ వర్జీనియా వలసలో దించారు. అమెరికా అంతర్యుద్ధం మొదట్లో, 1861 మే నెలలో, ముగ్గురు బానిసలు రాత్రివేళ పడవలో పారిపోయి ఇదే కోటకి చేరారు. యజమాని తరఫువాళ్లు వచ్చి అప్పగించమంటే, కోటలో ఉన్న ఉత్తరాది సేన జనరల్ బెంజమిన్ బట్లర్ న్యాయవాది బుర్రతో ఆలోచించి "మీరు మా దేశం నుంచి విడిపోయామంటున్నారు. అలాంటప్పుడు వీళ్లు శత్రువు దగ్గర పట్టుకున్న యుద్ధ సామగ్రి లెక్క" అనే వాదం లేవదీసి ఇవ్వనన్నాడు. మనుషుల్ని సామగ్రి అనడం దారుణమే. కానీ ఆ ఒక్క మాటతో తలుపు తెరుచుకుంది, వేలమంది ఈ కోట దారి పట్టారు. బానిసత్వం మొదలైన ఒడ్డునే దాని గోడ పగిలింది. కోట ప్రాంగణంలోకి వెళ్లడానికి టికెట్టు లేదు, గోడల లోపల చెట్ల నీడ బాగుంటుంది, మధ్యాహ్నం పులిహోర పొట్లాలు విప్పడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు కనబడలేదు.

శనివారం పొద్దున ఒక జాగ్రత్త. నాటో పండగ ఊరేగింపు కూడా అదే వారాంతంలో పడితే డౌన్‌టౌన్‌లో కొన్ని వీధులు మూసేస్తారు. ఊరేగింపు చూడముచ్చటగానే ఉంటుంది, మీ బస్సుకే దారుండదు. డ్రైవరుకి ముందురోజే చెప్పాలి.

విలియమ్స్‌బర్గ్‌లో దిగితే

నేను మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే. చరిత్ర మోజులో విలియమ్స్‌బర్గ్‌లో హోటళ్లు తీసుకుని, శనివారం సాయంత్రం షోకి టికెట్లు కొన్నాను. తిరిగి గదులకి చేరేసరికి ఒంటిగంట. వెనక సీట్లో ఒకాయన బీపీ మాత్ర హోటల్లో మర్చిపోయారు. ఆ రాత్రి నా మీద పడిన మాటలు ఇక్కడ రాయను.

రెండోసారి అదే మకాం, కానీ షో ఆదివారం మధ్యాహ్నానికి మార్చాను. శుక్రవారం రాత్రి చేరాం. శనివారమంతా చరిత్ర. ఆదివారం పొద్దున గదులు ఖాళీ చేసి, సామాను బస్సులో వేసి, యార్క్‌టౌన్ చూసి, నార్ఫోక్ వెళ్లి షో చూసి, అట్నుంచి అటే ఇంటికి. ఈ వరస మీకూ కుదురుతుంది.

విలియమ్స్‌బర్గ్ 1699 నుంచి 1780 దాకా వర్జీనియా రాజధాని. 1926లో కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ డబ్బుతో పాత ఊరిని పాతగా నిలబెట్టే పని మొదలైంది. ఇప్పుడు ఆ కాలపు బట్టలు కట్టుకుని కమ్మరి, చర్మకారుడు, అచ్చు కూర్చేవాడు పని చేస్తూ కనిపిస్తారు. భవనాల లోపలికి టికెట్టు కావాలి, వీధిలో నడవడానికి అక్కర్లేదు. గుంపులో సగంమంది అలిసిపోయి ఉంటే టికెట్లు కొనకుండా వీధిలోనే కూర్చోబెట్టండి, నష్టమేం లేదు. ఎందుకంటే అసలు ముచ్చట వీధిలోకే వస్తుంది. ఫైఫులు, డప్పుల దళం ఒకటుంది, 1958 నుంచి నడుస్తోంది. వాయించేవాళ్లంతా పదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలే. ఫైఫ్ అంటే మన పిల్లనగ్రోవికి తమ్ముడు, సన్నగా, కీచుగా, దూరానికి వినపడేలా పలుకుతుంది. దూరానికి వినపడటమే దాని పని. తుపాకుల మోతలో సేనాపతి గొంతు వినిపించదు, అందుకే లేవండి, నడవండి, ఆగండి అన్నీ డప్పు మీదే చెప్పేవారు. పిల్లలకి ఈ ముక్క చెప్పి ఆ రోజు ఊరేగింపు చూపించి, మర్నాడు టాటూకి తీసుకెళ్లండి. అక్కడ డప్పు వినే తీరే మారిపోతుంది.

జేమ్స్‌టౌన్ పేరుతో రెండు చోట్లున్నాయి, ఇక్కడ చాలామంది తికమకపడతారు. హిస్టారిక్ జేమ్స్‌టౌన్ అసలైన చోటు. 1607 మేలో ఇంగ్లీషువాళ్లు దిగి కోట కట్టిన దీవి. ఆ కోట నదిలో కొట్టుకుపోయిందని చాలాకాలం అనుకున్నారు, 1994లో మొదలైన తవ్వకాల్లో బయటపడింది, ఇంకా తవ్వుతూనే ఉన్నారు. చూడ్డానికి మాత్రం గడ్డి, పునాదులు, పాత చర్చి గోపురం, పక్కన నది. ఊహించుకోగలిగినవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది, ఊహించుకోలేనివాళ్లు "ఏముందిక్కడ" అంటారు. జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్ రాష్ట్ర ప్రభుత్వం పక్కనే కట్టిన మ్యూజియం. అప్పటి మూడు ఓడల నమూనాలు నీళ్లలో నిలబెట్టారు, ఎక్కి చూడొచ్చు. స్థానిక తెగల ఇళ్లు, కోట, పెద్ద ప్రదర్శనశాల ఉన్నాయి. పిల్లలుంటే రెండోది. పెద్దవాళ్లే ఉంటే, ఏసీ హాలు ఉంది కాబట్టి అదీ రెండోదే. చరిత్ర పిచ్చి ఉన్న చిన్న గుంపుకి మొదటిది. ఒక్కరోజులో రెండూ పెట్టుకోకండి.

మొదటిదాంట్లో నది ఒడ్డున నిలబడి మా వాళ్లకి నేను చెప్పింది మచిలీపట్నం గురించి. జేమ్స్‌టౌన్‌ని నడిపింది వర్జీనియా కంపెనీ, మన తీరానికొచ్చింది ఈస్టిండియా కంపెనీ. రెండింటికీ లండన్‌లో పెద్దదిక్కు ఒక్కడే, సర్ థామస్ స్మిత్. ఇక్కడ వలస దిగిన నాలుగేళ్లకి, 1611లో, ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టారు. 1607లో ఓడల్ని ఇక్కడికి తెచ్చిన కెప్టెన్ క్రిస్టఫర్ న్యూపోర్ట్ తర్వాత ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, 1617లో జావాలో చనిపోయాడు. అంటే మన బందరూ ఈ దీవీ ఒకే దుకాణం లెక్కల పుస్తకంలో పక్కపక్క పేజీలు.

యార్క్‌టౌన్‌కి వచ్చేసరికి ఈ బంధుత్వం ఇంకా దగ్గరవుతుంది. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో "శాశ్వత శిస్తు పద్ధతి ప్రవేశపెట్టినవాడు కారన్‌వాలీస్" అని బట్టీపట్టాం కదా. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఆయన ఓడిపోయిన పొలం ఇదే. 1781 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాదళం సముద్రం వైపు దారి మూసేసింది, నేల మీద వాషింగ్టన్ సేన, ఫ్రెంచి సేన చుట్టుముట్టాయి. అక్టోబరు 17న బ్రిటిష్ వైపు గట్టు మీదికి ఒక డప్పు కుర్రాడు ఎక్కి, మాట్లాడుకుందాం రమ్మనే దరువు వాయించాడు. ఫిరంగుల మోతలో మొదట ఎవరికీ వినపడలేదు. ఎర్రకోటు కనపడింది, ఒక్కొక్క ఫిరంగీ ఆగింది, అప్పుడు డప్పు వినపడింది. అంత ఇంపైన డప్పు జన్మలో వినలేదని అవతలి వైపున్న ఒక అమెరికన్ అధికారి డైరీలో రాసుకున్నాడు.

రెండు రోజులకి లొంగుబాటు. అందులోనూ సంగీతానికి ఒక షరతుంది. ఓడినవాడు గౌరవంగా వెళ్లాలంటే జెండా విప్పుకుని, గెలిచినవాడి బాణీ వాయించుకుంటూ నడవడం అప్పటి మర్యాద. అంతకు ముందు ఏడాది చార్ల్‌స్టన్‌లో బ్రిటిష్‌వాళ్లు అమెరికన్లకి ఆ మర్యాద ఇవ్వలేదు. దానికి బదులుగా ఇక్కడ జెండాలు చుట్టి పెట్టుకుని, డప్పుల మీద బ్రిటిష్ బాణీయో జర్మన్ బాణీయో మాత్రమే వాయించాలని ఒప్పందంలో రాయించారు. కారన్‌వాలీస్ ఒంట్లో బాగాలేదని బస వదిలి రాలేదు, కత్తి ఇవ్వడానికి కింది అధికారిని పంపాడు.

మా గుంపులో కడప నుంచి వచ్చిన రిటైర్డ్ సోషల్ మాస్టారు ఉన్నారు. లొంగుబాటు పొలం ముందు చేతులు వెనక కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. "ఇక్కడ ఓడి అయిదేళ్లకి మన దగ్గరికి గవర్నర్ జనరల్‌గా దిగాడు. 1792లో నిజాంనీ మరాఠాలనీ కలుపుకుని టిప్పుని ఓడించాడు. ఆ పంపకాల్లోనే మా కడప నిజాం వాటాకొచ్చింది, ఎనిమిదేళ్లకి నిజాం దాన్ని ఇంగ్లీషువాళ్లకే రాసిచ్చాడు. దత్త మండలాలంటే అదే" అని పిల్లలకి పాఠం మొదలుపెట్టారు. 1793లో బెంగాల్లో పెట్టిన శాశ్వత శిస్తు 1802లో ఉత్తర సర్కారులకీ వచ్చింది. విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లుంటే వాళ్ల తాతల కష్టాలకీ ఈ పొలానికీ ఉన్న దారి అదే. గైడు చెప్పేది గైడు చెప్తాడు. ఈ సగం చెప్పడానికి మన గుంపులో ఒకరుండాలి. అందుకే నా ఓటు ఈ ప్లాన్‌కి, ఆదివారం షోతో అయితేనే.

వాన పడితే న్యూపోర్ట్ న్యూస్‌లో మెరైనర్స్ మ్యూజియం దారిలోనే ఉంది. 1862లో ఇనప నౌకలు తొలిసారి తలపడ్డ పోరులోని మానిటర్ నౌక ఫిరంగి గోపురం, 2002లో సముద్రంలోంచి తీసింది, అక్కడుంది.

వర్జీనియా బీచ్‌లో దిగితే

చెప్పడానికి పెద్దగా లేదు. సముద్రం ఎదురుగా హోటళ్లు, పిల్లలకి ఇసుక, షోకి అరగంట దూరం, మధ్యలో సొరంగం లేదు. ఏప్రిల్ చివర్లో నీళ్లు చల్లగానే ఉంటాయి, కాళ్లు తడుపుకోడానికే. చరిత్ర చోట్లన్నీ సొరంగానికి అవతలివైపే కాబట్టి అవి ఆశపడకండి. బదులుగా 17.6 మైళ్ల చీసపీక్ బే వంతెన-సొరంగం మీద ఓసారి వెళ్లొచ్చు. న్యూజెర్సీ నుంచి వచ్చేవాళ్లయితే డెలావేర్ మీదుగా ఆ దారినే రావొచ్చు, వాషింగ్టన్ చుట్టుపక్కల ట్రాఫిక్ తప్పుతుంది. టోలు ఎవరు కట్టాలో బస్సు ఒప్పందంలో రాయించండి. చీసపీక్ ఊళ్లో హిందూ గుడి ఉంది. మకాం బీచ్‌లో అయినా, నార్ఫోక్‌లో అయినా, పెద్దవాళ్లని ఓ పూట అక్కడికి తీసుకెళ్తే మిగతా యాత్రంతా మీ మాట వింటారు.

ప్యాకేజీ సీట్లా, సొంత బస్సా, కార్లా

పదిహేను మందిలోపు అయితే కార్లే నయం. ఇరవై నుంచి ముప్పై మధ్య ఇబ్బందికర సంఖ్య. అప్పుడు టూరు కంపెనీ ప్యాకేజీలో సీట్లు కొనుక్కోవడం సుఖం. టికెట్లు, హోటలు, గైడు అన్నీ వాళ్లే చూస్తారు. కానీ భోజనం వాళ్లు ఆపిన చోటే, వాళ్లు పెట్టిందే. శాకాహారం అంటే ఆకులూ చీజూ. ఉల్లి, వెల్లుల్లి తినని అత్తగారుంటే పెరుగన్నం మీదే మూడు రోజులు.

నలభై దాటితే సొంతంగా చార్టర్ బస్సే. పెద్ద బస్సుకి మామూలుగా 56 సీట్లు. అద్దె బస్సుకి గానీ మనిషికి కాదు, అందుకని నిండే కొద్దీ చవక. ఉదాహరణకి మొత్తం 6,000 డాలర్లయితే యాభై మందికి తలా 120, ముప్పై మందే వస్తే 200. చివరి నిమిషంలో "మేం రావట్లేదండీ" అనేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. డబ్బు ముందే తీసుకోండి, మొహమాటపడకండి.

డ్రైవరు పనిగంటలు అందరూ మర్చిపోయే సంగతి. అమెరికా చట్టం ప్రకారం ప్రయాణికుల బస్సు డ్రైవరు ఎనిమిది గంటల విశ్రాంతి తర్వాత పది గంటలకి మించి తోలకూడదు, మొత్తం డ్యూటీ పదిహేను గంటలు దాటాక స్టీరింగు పట్టకూడదు. యాష్‌బర్న్ నుంచి పొద్దున్నే బయల్దేరి, రాత్రి షో చూసి, అదే రాత్రి వెనక్కి వచ్చేద్దామనేవాళ్లుంటారు. మనం షో చూస్తున్నంతసేపూ డ్రైవరు ఖాళీయే కదా అని లెక్క సరిపెట్టొచ్చేమో గానీ, తెల్లవారి అయిదింటికి లేచిన మనిషి అర్ధరాత్రి దాటాక ఐ-95 హైవే మీద యాభై ప్రాణాలు తీసుకురావాలి. వద్దు. ఒక్కరోజు యాత్ర రిచ్‌మండ్‌వాళ్లకి, క్యారీవాళ్లకి, అదీ ఆదివారం మధ్యాహ్నం షోకే కుదురుతుంది. రాత్రి మకాం ఉంటే డ్రైవరు గది ఖర్చు మనదే, టిప్పు వేరే.

కంపెనీని ఎంచుకునేటప్పుడు అమెరికా రవాణా శాఖ వాళ్లకిచ్చిన యూఎస్‌డాట్ నంబరు అడిగి, ప్రభుత్వ సైటులో భద్రతా రికార్డు చూడండి. అంతర్రాష్ట్ర ప్రయాణమైతే ఈ సైజు బస్సుకి కనీసం 50 లక్షల డాలర్ల బీమా ఉండాలి. కాగితం చూపించమంటే నసిగేవాళ్లని వదిలేయండి.

ఇక తిండి. మనకి బస్సంటే వంటమనిషి వెనకాలే వచ్చే కాశీ యాత్ర బస్సు గుర్తొస్తుంది. ఇక్కడ బస్సులో తినొచ్చో లేదో రాతపూర్వకంగా అడగాలి. మొదటిసారి మేం అడగలేదు. పులిహోర, మాగాయ సీట్ల మీద పడి పసుపు మరకలయ్యాయి, శుభ్రం చేసే ఖర్చని చెప్పి డిపాజిట్‌లో పెద్ద ముక్క కోసుకున్నారు. వాదించాం, లాభం లేకపోయింది, మరకలు మావే కదా. రెండోసారి బస్సులో చేగోడీలు, జంతికలు, అరటిపళ్లు మాత్రమే. అన్నం పొట్లాలు దిగాకే.

హ్యాలిఫ్యాక్స్, ఎడిన్‌బరో సంగతి

టాటూలు వేరే దేశాల్లోనూ ఉన్నాయి. "చూస్తే అసలైన టాటూయే చూడాలి" అనేవాళ్లకి స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో. 1950 నుంచి ఆగస్టులో కోట ముందు ఆరుబయట జరుగుతుంది. వానొచ్చినా ఆడతారు, గొడుగులు పనికిరావు, రెయిన్‌కోటే దిక్కు. రాత్రి కోటగోడ మీద ఒంటరి బ్యాగ్‌పైపర్ ఊదడం గుమ్మటం కింద చూసేదానికి సాటిరాదని ఒప్పుకోవాలి. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు నార్ఫోక్ గురించి ఆలోచించక్కర్లేదు. టికెట్లు, గదులు మాత్రం నెలల ముందే చూసుకోవాలి, ఆగస్టులో ఊరంతా పండగే.

కెనడాలో ఉన్నవాళ్లకి హ్యాలిఫ్యాక్స్. 1979 నుంచి జూన్ చివర, జులై మొదట్లో, లోపలి అరీనాలో. ఊరి మధ్య నక్షత్రం ఆకారపు సిటడెల్ కోట, రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఫిరంగి పేలుస్తారు. బస్సులో లూనెన్‌బర్గ్ అనే పాత రేవు ఊరికి వెళ్లి రావొచ్చు. అమెరికా నుంచి పెద్దవాళ్లతో వెళ్లాలంటే కెనడా వీసా వేరే, మళ్లీ అమెరికాలోకి రావడం వేరే తలనొప్పి. ఒక్క షో కోసం అంత అక్కర్లేదనిపిస్తుంది నాకు.

ఇంకా తేల్చుకోలేకపోతుంటే

గుంపులో పెద్దావిడనొకరిని, పెద్దాయననొకరిని అడగండి, "రాత్రి ఎన్నింటికి పడుకుంటారు?" అని. తొమ్మిదన్నారా, ఆదివారం మధ్యాహ్నం షో, విలియమ్స్‌బర్గ్ మకాం. పదకొండైనా ఫర్వాలేదు, సీరియల్ చూస్తూ కూర్చుంటాం అన్నారా, శనివారం సాయంత్రం షో, నార్ఫోక్ మకాం, మర్నాడు ఫోర్ట్ మన్రో చూసుకుని ఇంటికి. బీచ్ అన్నది పిల్లలు మాత్రమే అయితే, వాళ్లకి ఫోర్ట్ మన్రో పక్కనున్న ఇసుక ఒడ్డు చాలు. తేదీ ఖాయం కాగానే షో టికెట్లు, ఆ తర్వాత హోటలు, ఆ తర్వాతే బస్సు అడ్వాన్సు. బీపీ మాత్రలు చేతిసంచిలో పెట్టుకోమని వాట్సాప్‌లో రెండుసార్లు పెట్టండి, ఒకసారి పెడితే చదవరు.